మిర్యాలగూడ లోక్‌సభ స్థానం: ఎర్రకోట అంటారు గానీ లెక్క వేరు

మిర్యాలగూడ పేరుతో ఒకప్పుడు పార్లమెంటు స్థానం ఉండేదట కదా, అది నిజంగా కమ్యూనిస్టుల కంచుకోటేనా, మరి ఎందుకు తీసేశారు అని అడిగారు. మాది కోదాడ వైపు పల్లె. మా తాత, నాన్న ఓటు వేసింది ఆ స్థానానికే. దాని చివరి రెండు ఎన్నికల్లో నేనూ వేశాను.

ముందు లెక్క చెబుతాను, ఎందుకంటే చాలామంది లెక్క చూడకుండానే ఎర్రకోట అనేస్తారు. 1962 నుంచి 2004 వరకు 12 సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్ 8 సార్లు, సీపీఎం 3 సార్లు, సీపీఐ ఒకసారి గెలిచాయి. తెలుగుదేశం ఒక్కసారి కూడా గెలవలేదు. ఇన్ని ఎన్నికల్లోనూ గెలిచిన మనుషులు అయిదుగురే. మూడు విజయాలున్న పార్టీకి కోట పేరు ఎలా దక్కిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1952లో మిర్యాలగూడ స్థానం లేదు. నల్లగొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గంగా ఉండేది. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో ఆ నాయకులు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకుని గెలిచారు. ఎర్రకోట అన్న మాటకు పునాది అదే. తర్వాత దేశమంతటా ద్విసభ్య స్థానాలు రద్దు కావడంతో 1962లో మిర్యాలగూడ విడిగా ఎన్నికకు వచ్చింది. సీపీఐ అభ్యర్థి లక్ష్మీదాస్ గెలిచారు.

1967లో జి.ఎస్.రెడ్డి కాంగ్రెస్ తరఫున గెలిచారు. 1977లో, 1980లో కూడా ఆయనే. మొదటిసారి కాడెద్దుల గుర్తు, రెండోసారి ఆవూదూడ, మూడోసారి హస్తం. పార్టీ చీలికల చరిత్ర తెలియాలంటే ఆ మూడు గుర్తులూ చాలు.

ఈ మధ్యలో వచ్చిన 1971 ఎన్నిక నాకు అన్నిటికంటే ఆసక్తికరం. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వేడిలో తెలంగాణ ప్రజా సమితి తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలిచింది. పక్కనున్న నల్లగొండ కూడా వాళ్లకే పోయింది. మిర్యాలగూడ మాత్రం సీపీఎం నాయకుడు భీమిరెడ్డి నర్సింహారెడ్డిని (అందరూ బి.ఎన్. అనేవాళ్లు) ఎన్నుకుంది. అంత గాలిలో ఎలా నిలబడ్డారంటే, మా తాత ఒకటే అనేవాడు: "పార్టీకి కాదురా, బి.ఎన్.కు వేశాం." బి.ఎన్. తెలంగాణ సాయుధ పోరాటంలో సూర్యాపేట, తుంగతుర్తి ప్రాంతంలో దళాలను నడిపిన మనిషి. మల్లు స్వరాజ్యం ఆయన సొంత చెల్లెలు. భూస్వాముల ఇంట్లో పుట్టి భూస్వాముల మీదే తుపాకీ పట్టిన ఆ అన్నాచెల్లెళ్ల గురించి మా పెద్దవాళ్లు చెప్పుకునే తీరులో రాజకీయం తక్కువ, బంధుత్వం ఎక్కువ.

బి.ఎన్. 1984లో, 1991లో మళ్లీ గెలిచారు. సీపీఎం మూడు విజయాలూ ఆయనవే! 1984లో తెలుగుదేశంతో పొత్తు కలిసివచ్చింది. అయినా దీన్ని పార్టీ కోట అనడం కంటే ఆ మనిషి కోట అనడమే సబబని నా అభిప్రాయం. 1991లో నల్లగొండ కూడా సీపీఐకి, ధర్మభిక్షానికి, దక్కింది కాబట్టి ఆ ఏడాది జిల్లా మొత్తం ఎరుపే. 1989, 1996, 1998 ఎన్నికల్లో కాంగ్రెస్ నుంచి బద్దం నర్సింహారెడ్డి గెలిచారు.

నేల కూడా రెండు రకాలు. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లు వదిలారు. ఆ తర్వాత మిర్యాలగూడ, కోదాడ వైపు వరి పెరిగింది, మిల్లులు వచ్చాయి. సూర్యాపేట, తుంగతుర్తి మెట్టభూములు మాత్రం వానకూ బావికీ ఎదురుచూస్తూనే ఉండిపోయాయి. అటు ప్రచారమంతా శ్రీరాంసాగర్ ప్రాజెక్టు రెండో దశ నీళ్ల చుట్టూ తిరిగేది, ఆ నీళ్ల కోసం బి.ఎన్. ఏళ్ల తరబడి కొట్లాడారు. మా వైపు మాత్రం కాలువ చివరి భూములకు తడి అందడం లేదన్నదే గొడవ. ఒకే ఎంపీ, రెండు వేర్వేరు దాహాలు. (పక్కన నల్లగొండలో 1996లో ఫ్లోరైడ్ నీటి సమస్యను దేశానికి చూపించడానికి జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. నీళ్ల రాజకీయం ఈ జిల్లాలో ఎంత దూరం పోయిందో దాన్నిబట్టి చూసుకోండి.)

1999లో కాంగ్రెస్‌లోకి తిరిగి వచ్చిన జైపాల్‌రెడ్డి ఇక్కడి నుంచి పోటీ చేసి గెలిచారు. నా మొదటి ఓటు ఆ ఎన్నికలోనే. అంతకు ముందు ఆయన మహబూబ్‌నగర్ ఎంపీ. మా నాన్న బడిపంతులు. పార్టీ ఏదైనా సరే, జైపాల్‌రెడ్డి ఇంగ్లీషు వినడానికే టీవీ ముందు కూర్చునేవాడు. 2004లో జైపాల్‌రెడ్డి మళ్లీ గెలిచి కేంద్రంలో సమాచార ప్రసార శాఖ, తర్వాత పట్టణాభివృద్ధి శాఖ చూశారు. ఈ స్థానం నుంచి గెలిచి కేంద్ర మంత్రి అయింది ఆయన ఒక్కరే.

ఇక రద్దు సంగతి. అందులో కుట్ర ఏమీ లేదు. జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ 2001 జనాభా లెక్కల ఆధారంగా చేసిన పునర్విభజన 2008లో అమల్లోకి వచ్చింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభ స్థానాల సంఖ్య మాత్రం 42 దగ్గరే ఉండాల్సి వచ్చింది. అంటే ఒక కొత్త పేరు రావాలంటే ఒక పాత పేరు పోవాలి. భువనగిరి వచ్చింది, మిర్యాలగూడ పోయింది. జైపాల్‌రెడ్డి 2009లో చేవెళ్లకు మారారు. బి.ఎన్. 2008లోనే కన్నుమూశారు.

ఇప్పుడు మిర్యాలగూడ, కోదాడ, హుజూర్‌నగర్, సూర్యాపేట అసెంబ్లీ స్థానాలు నల్లగొండ లోక్‌సభ కింద ఉన్నాయి. బి.ఎన్. సొంత ప్రాంతం తుంగతుర్తి భువనగిరిలో కలిసింది. మా మేనత్త వాళ్లది అటు వైపే. ఇదివరకు పెళ్లిళ్లలో కలిస్తే ఒకే ఎంపీ గురించి వాదించుకునేవాళ్లం, ఇప్పుడు ఎవరి ఎంపీని వాళ్లు తిట్టుకుంటున్నాం.