ప్రమాదం జరిగి రెండేళ్లయినా బస్సెక్కితే ఛాతీ బిగుసుకుంటోంది.. శరీరాన్ని గమనించమనే మానసిక చికిత్స పనిచేస్తుందా?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. ఉపాధ్యాయురాలిని. రెండేళ్ల కిందట నేను ప్రయాణిస్తున్న బస్సు ఎదురుగా వచ్చిన లారీని తప్పించబోయి కాలువ గట్టు మీద పక్కకు ఒరిగిపోయింది. నాకు చిన్న దెబ్బలే తగిలాయి. కానీ అప్పటి నుంచి బస్సెక్కినా, గట్టిగా బ్రేకు వేసిన చప్పుడు విన్నా ఛాతీ బిగుసుకుపోతోంది, ఊపిరి అందడం లేదు, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతున్నాయి. మెడ, భుజాలు ఎప్పుడూ రాయిలా ఉంటాయి. పొద్దున లేచేసరికి దవడలు నొప్పి పెడతాయి. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్షలు నార్మల్ అన్నారు. మందుల షాపులో ఇచ్చిన, ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలం మాత్ర అప్పుడప్పుడు వేసుకుంటున్నాను. ఒక సైకాలజిస్టు దగ్గర ఆరు సెషన్లు అయ్యాయి. ఆమె ప్రమాదం గురించి పెద్దగా అడగరు. ‘ఇప్పుడు ఒంట్లో ఎక్కడ ఏమనిపిస్తోంది, పాదాలు నేలకు ఎలా ఆనుతున్నాయి’ అని అడుగుతారు. ఇకపై ఇంకో థెరపిస్టుతో భుజాల మీద చేతులు పెట్టి చేసే పద్ధతి కూడా మొదలుపెడదామన్నారు. మా వారు ‘ఇదేం వైద్యం’ అంటున్నారు. కొనసాగించమంటారా?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: కొనసాగించండి. మీ సైకాలజిస్టు చేస్తున్నది చికిత్సే. మానసిక చికిత్సలో శరీరాన్ని కూడా పనిలోకి తీసుకునే పద్ధతులు చాలాకాలంగా ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి. అయితే ఇప్పటివరకు జరిగింది సగం పనే. ప్రమాదం తాలూకు జ్ఞాపకాన్ని, బస్సు ప్రయాణాన్ని నేరుగా ఎదుర్కొనే మిగతా సగం ఎప్పుడు మొదలవుతుందో ఆమెను అడిగి తెలుసుకోండి. చేతులు పెట్టి చేసే పద్ధతికి మాత్రం ఇప్పుడే ఒప్పుకోవద్దు.

మిమ్మల్ని చూడకుండా రోగ నిర్ధారణ చేయడం సరికాదు కానీ, మీరు రాసిన లక్షణాలు పీటీఎస్‌డీ (భయానక ఘటన ముగిసినా దాని తాలూకు భయం వీడకపోవడం) అని మేము పిలిచే సమస్యకు దగ్గరగా ఉన్నాయి. పీడకలలు వస్తున్నాయా, ప్రమాద దృశ్యాలు అనుకోకుండా కళ్ల ముందు మెదులుతున్నాయా, ఆ దారిలో వెళ్లడమే మానేశారా అన్నవి కూడా తెలిస్తే స్పష్టత వస్తుంది. ఈ ప్రశ్నలు మీ సైకాలజిస్టు ఇదివరకే అడిగి ఉండాలి. అడగకపోతే మీరే చెప్పండి.

భయం మనసుకు సంబంధించినదైతే పాదాలతో, భుజాలతో పనేమిటన్న మీ వారి సందేహం చాలామందికి వచ్చేదే. కానీ మనం మాట్లాడే తీరు గమనించండి. భయపడితే గుండె గుభేలుమందంటాం, ఒళ్లు చల్లబడిందంటాం, కాళ్లూ చేతులూ ఆడలేదంటాం, దుఃఖం వస్తే గొంతు పూడుకుపోయిందంటాం. ఓపీలోనూ ‘నాకు ఆందోళనగా ఉంది డాక్టరుగారూ’ అంటూ వచ్చేవారు తక్కువ. గుండె దడ, తల తిమ్మిరి, ఒళ్లంతా మంటలు అంటూ వచ్చేవారే ఎక్కువ. మీరూ ముందు చేయించుకున్నది గుండె పరీక్షలే కదా.

ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు మెదడులోని అమిగ్డలా అనే భాగం, మనం ఆలోచించుకునేలోగానే శరీరాన్ని అప్రమత్తం చేస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పుంజుకుంటుంది, పారిపోవడానికో దెబ్బను కాచుకోవడానికో వీలుగా మెడ, భుజాలు, దవడల కండరాలు బిగుసుకుంటాయి. బస్సు ఒరిగిపోతున్నప్పుడు పారిపోయే దారి లేదు, చేతికందిన కడ్డీని పట్టుకుని బిగుసుకుపోవడం తప్ప ఎవరైనా చేయగలిగిందీ లేదు. ఆ కొద్ది క్షణాల్లో బ్రేకు చప్పుడు, డీజిల్ వాసన, సీటు కుదుపు అన్నీ ప్రమాదంతో ముడిపడిపోయాయి. ప్రమాదం ముగిసిందని మీకు తెలుసు, కానీ ఆ ముడి మాత్రం విడలేదు. అందుకే బ్రేకు చప్పుడు వినగానే, ‘ఏమీ కాలేదు’ అని మీరు అనుకునేలోపే ఛాతీ బిగుసుకుంటోంది.

వేళ్ల తిమ్మిరి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామందిని పక్షవాతమో గుండెపోటో అని బెంబేలెత్తించేది అదే. ఛాతీ బిగుసుకున్నప్పుడు ఊపిరి చాలడం లేదనిపించి, మీకు తెలియకుండానే గబగబా గాలి పీలుస్తారు, వదులుతారు. అవసరానికి మించి ఊపిరాడడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్ల చివర్లలో, పెదవుల చుట్టూ తిమ్మిరి, తల తేలిపోతున్నట్టుండటం దాని ఫలితమే. అంటే ఊపిరి అందడం లేదని మీకు అనిపిస్తున్న సమయంలో మీ రక్తంలో ఆక్సిజన్‌కు లోటు లేదు. ఆ తిమ్మిరిని చూసి భయం పెరుగుతుంది, భయంతో శ్వాస ఇంకా వేగం అందుకుంటుంది. పక్కనున్నవారు ప్రేమతోనే ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అంటారు. అది సరైన సలహా కాదు. పీల్చడం మామూలుగానే ఉంచి, వదలడం నిదానం చేయాలి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి సుమారు ఆరు శ్వాసలవుతాయి. యోగా తరగతిలో కపాలభాతి, భస్త్రిక చేయిస్తుంటే ప్రస్తుతానికి మానండి, ఎందుకంటే మీకు తగ్గవలసిన వేగాన్నే అవి పెంచుతాయి.

ఇప్పుడు మీ సెషన్ల సంగతి. ‘ఒంట్లో ఎక్కడ ఏమనిపిస్తోంది’ అని అడగడంలో ఉద్దేశం, భయం మొదలయ్యే తొలి జాడను మీరు గుర్తుపట్టగలగడం. రెండేళ్లుగా రాయిలా ఉన్న భుజాలు ఎప్పుడు బిగుసుకుంటున్నాయో మీకు తెలియకపోవచ్చు, తెలిస్తేనే వదలగలరు. పాదాలు నేలకు ఆనుతున్న స్పర్శను, కుర్చీ వీపుకు ఇస్తున్న ఆసరాను గమనించమనడం ‘ఇప్పుడు నేను ఈ గదిలో ఉన్నాను, ఆ బస్సులో లేను’ అన్న సమాచారాన్ని ఇంద్రియాల ద్వారానే మెదడుకు అందించడం. ఛాతీలోని బిగువును కొద్ది క్షణాలు గమనించి మళ్లీ పాదాల దగ్గరికి రావడం, మరి కాసేపటికి మళ్లీ వెళ్లడం చేయిస్తుంటే, ఈత రానివారిని రేవు మెట్ల మీద ఒక్కో మెట్టే దించుతున్నట్టు ఆమె పని చేస్తున్నారన్నమాట. మొదటి రోజే ప్రమాదాన్నంతా చెప్పించకపోవడం ఆమె జాగ్రత్తే తప్ప నిర్లక్ష్యం కాదు.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. భయంకరమైన అనుభవం దాటినవారిలో కొందరికి కళ్లు మూసుకుని లోపలికి దృష్టి పెడితే ఉపశమనానికి బదులు గాభరా పెరుగుతుంది. కొందరైతే ఒంటికి దూరంగా వెళ్లిపోయినట్టు, చుట్టూ ఉన్నవన్నీ కలలోవి అయినట్టు ఫీలవుతారు. అలా జరిగితే మీ లోపమని ఓర్చుకోవద్దు, వెంటనే చెప్పండి. కళ్లు తెరిచి, గదిలో కనిపించే వస్తువులను ఒక్కొక్కటిగా చూస్తూ కూడా ఈ సాధన చేయవచ్చు. మీ విషయంలో పాదాలతో మొదలుపెట్టి, ఛాతీని చివరికి ఉంచడం మేలు.

ఈ పద్ధతులకు శాస్త్రీయ ఆధారం ఎంత అన్నది మీ వారు అడగవలసిన అసలు ప్రశ్న. అన్నింటినీ ఒకే గాటన కట్టలేం. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1929లో ప్రచురించిన కండరాల సడలింపు పద్ధతిలో ఒక్కో కండరాన్ని కొన్ని సెకన్లు బిగించి వదిలేస్తారు. బిగువుకూ వదులుకూ తేడా శరీరానికి తెలియడమే అందులోని కిటుకు. నేటికీ ఆందోళన చికిత్సలో దాన్ని వాడుతున్నాం, మీ భుజాలకూ పనికొస్తుంది. మరో పక్క, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ శిష్యవర్గంలోని విల్‌హెల్మ్ రైక్ అణచుకున్న భావాలు కండరాల్లో కవచంలా బిగుసుకుంటాయన్నాడు. శరీర ఆధారిత మానసిక చికిత్సల్లో చాలావాటికి మూలపురుషుడు ఆయనే. కానీ తర్వాతి కాలంలో ‘ఆర్గోన్’ అనే శక్తిని కనుగొన్నానని, దాన్ని పోగుచేసే పెట్టెల్లో కూర్చుంటే రోగాలు నయమవుతాయని ప్రచారం చేశాడు. ఆ పెట్టెల విషయంలో కోర్టు ఉత్తర్వును ధిక్కరించినందుకు శిక్ష పడి, 1957లో అమెరికా జైలులోనే మరణించాడు. ఈ రంగాన్ని చూసి చాలామంది వైద్యులు ఇప్పటికీ ముఖం చిట్లించడానికి ఆ చరిత్ర కూడా ఒక కారణం.

నేడు పీటీఎస్‌డీకి బలమైన ఆధారాలున్నవి ప్రమాద జ్ఞాపకంపై నేరుగా పనిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే చికిత్స), ఈఎండీఆర్ (జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే చికిత్స). ఈ రెంటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. 1987లో అమెరికా సైకాలజిస్టు ఫ్రాన్సిన్ షాపిరో ఆలోచనతో మొదలైన ఈఎండీఆర్‌లోని ఎనిమిది దశల్లో ఒకటి, జ్ఞాపకం తలచుకున్నప్పుడు శరీరంలో బిగువు ఇంకా మిగిలిందేమో తల నుంచి పాదాల వరకు పరిశీలించుకోవడమే. అంటే ప్రధాన స్రవంతి చికిత్సలోనూ శరీరానికి చోటుంది. ఒంట్లోని అనుభూతులను గమనిస్తూ చేసే, పీటర్ లెవీన్ రూపొందించిన సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ పద్ధతిపై ఇజ్రాయెల్‌లో 63 మందితో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఫలితం ఆశాజనకమే, కానీ అందులో పోల్చింది చికిత్స కోసం ఎదురుచూస్తున్నవారితో, మరో చికిత్స పొందినవారితో కాదు. 2014లో అమెరికాలో 64 మంది మహిళలపై జరిగిన మరో అధ్యయనంలో పది వారాల తర్వాత యోగా చేసినవారిలో 52 శాతం, ఆరోగ్య విద్య తరగతులకు వెళ్లినవారిలో 21 శాతం పీటీఎస్‌డీ నిర్ధారణ పరిధి నుంచి బయటపడ్డారు. రెండూ చిన్న అధ్యయనాలే. కాబట్టి నా లెక్కలో శరీరంతో చేసే పని మంచి తోడు, దానితోనే సరిపెట్టుకోవడం మాత్రం తొందరపాటు. ‘గాయం కండరాల్లో నిల్వ ఉంటుంది, పిండితే పోతుంది’ అని ఎవరైనా అంటే నమ్మకండి. జ్ఞాపకం మెదడుదే. ఆ జ్ఞాపకం కదిలినప్పుడల్లా కండరాలు బిగుసుకోవడం శరీరానికి అలవాటైందంతే.

అందుకే మిగతా సగం పని గురించి అడగమన్నాను. ఈ తరహా చికిత్స సాధారణంగా వారానికోసారి చొప్పున 8 నుంచి 12 సెషన్లు సాగుతుంది. మీకు ఆరు అయ్యాయి కనుక, ప్రమాదాన్ని మాటల్లో చెప్పడం ఇప్పుడు మొదలు కావచ్చు. దాంతోపాటు, మిమ్మల్ని భయపెడుతున్న శారీరక లక్షణాలను కావాలనే తెప్పించే సాధన ఒకటుంది. సైకాలజిస్టు ఎదుట ఒక నిమిషం ఉన్నచోటనే పరుగెత్తి గుండె దడ తెచ్చుకుంటారు, వేగంగా ఊపిరి తీసి తిమ్మిరి తెచ్చుకుంటారు, అది దానంతటదే తగ్గడం చూస్తారు. ఉబ్బసం, మూర్ఛ, గర్భం వంటివి ఉంటే ముందే చెప్పాలి. పుస్తకం చూసి ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించవద్దు. ఆ తర్వాత ఆగి ఉన్న బస్సెక్కి కూర్చోవడం, ఒక స్టాపు దూరం వెళ్లడం, చివరగా ఆ కాలువ గట్టు దారి.

స్పర్శ విషయం. మానసిక చికిత్సకు ఒంటిపై చెయ్యి వేయడం తప్పనిసరి కాదు, మీ సమస్యకు అసలే అవసరం లేదు. భుజాల నొప్పికి ఫిజియోథెరపిస్టు చికిత్స చేస్తే అది వేరే సంగతి. దాని ఉద్దేశం, హద్దులు స్పష్టంగా ఉంటాయి. భావోద్వేగాలు పైకి వచ్చే సమయంలో చికిత్సకుడి స్పర్శ వల్ల అపార్థాలకు, కొన్నిసార్లు అంతకంటే తీవ్రమైన హానికి ఆస్కారం ఉంటుంది. ఎందుకు, ఎక్కడ, ఎంతసేపు, ఆపమంటే ఆపుతారా, ఇంకొకరు గదిలో ఉండవచ్చా అన్నవి అడగండి, సమాధానాలు కాగితంపై రాసివ్వమనండి. చికిత్స స్వరూపం గురించి, దుష్ప్రభావాల గురించి తెలుసుకునే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకు ఇచ్చింది. వద్దనడానికి కారణం చెప్పనక్కర్లేదు. ‘నువ్వు వద్దంటున్నావంటేనే లోపల ఏదో ఉందన్నమాట’ అని ఎవరైనా అంటే, ఆ గదిలోకి మళ్లీ వెళ్లవద్దు. కొత్త థెరపిస్టు క్లినికల్ సైకాలజిస్టునని చెబితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. రెండు మూడు రోజుల వర్క్‌షాపులో ఇచ్చే సర్టిఫికెట్ దానికి సాటిరాదు.

పరీక్షల్లో హిమోగ్లోబిన్ గురించి మీరు రాయలేదు. రక్తహీనతలోనూ దడ, ఆయాసం ఉంటాయి కనుక అది చేయించండి. నిద్రలో పళ్లు కొరుకుతున్నారేమో డెంటిస్టుకు చూపించండి, దవడల నొప్పికి అది కారణం కావచ్చు. మెట్లెక్కినప్పుడు ఛాతీ నొప్పి రావడం, నొప్పి ఎడమ చేతికి పాకడం, చెమటలు పట్టి స్పృహ తప్పడం జరిగితే మాత్రం పాత ఈసీజీని తలచుకుని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆల్ప్రజోలం డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. పీటీఎస్‌డీకి దాన్ని సిఫారసు చేయరు, అలవాటు పడే ప్రమాదమూ ఉంది. రోజూ వేసుకుంటున్నట్లయితే ఒక్కసారిగా ఆపవద్దు, సైకియాట్రిస్టు పర్యవేక్షణలో తగ్గించాలి. మందు అవసరమైతే, డిప్రెషన్‌కూ ఆందోళనకూ వాడే సెర్ట్రాలిన్ వంటివి ఆయన నిర్ణయిస్తారు. చావు ఆలోచనలు వచ్చినా, రాత్రివేళ తట్టుకోలేనంత గాభరా కలిగినా ప్రభుత్వ మానసిక సహాయ సేవ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మీ వారిని ఒక సెషన్‌కు వెంటబెట్టుకుని వెళ్లండి. మొదటిసారి బస్సెక్కే రోజున ఆయన పక్కన కూర్చుని ‘ఏం కాదులే’ అని పదేపదే అనడం కంటే, మీతోపాటు ఆరు లెక్కపెడుతూ ఊపిరి వదిలితే చాలు. ఆ రోజు ప్రయాణానికి ముందు ఆల్ప్రజోలం వేసుకోకండి. వేసుకుంటే, భయం తగ్గింది మాత్ర వల్లనే అని మీ మెదడు లెక్క వేసుకుంటుంది, మర్నాడు మాత్ర లేకుండా బస్సెక్కలేరు.