నానీకి, కోడింగ్ కోర్సులో చేరేముందు

నానీ,

హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్, అదే రోగుల జబ్బులకీ దెబ్బలకీ బిల్లుల కోసం కోడ్లు వేసే పని, నేర్చుకుంటానన్నావట, అక్క చెప్పింది. అంబాజీపేటలో కొబ్బరి కొట్టు పెట్టుకుని ఈ రాత్రి చాకిరీ దేనికని బావగారి సణుగుడు. నాకు మాత్రం సంతోషమే, టెన్షనూ ఉంది.

అనాటమీ బాగా చదువు. ఉద్యోగం గ్యారంటీ అన్నవాడికి ముందే డబ్బు కట్టకు. ఇవి ఎవరైనా చెప్తారు.

నా భయమంతా దెబ్బల కోడ్ల గురించే. అమెరికా బిల్లుల్లో ఐసీడీ-9 అనే పాత కోడ్ల జాబితా పోయి, 2015 అక్టోబరు 1 నుంచి ఐసీడీ-10-సీఎం అనే కొత్తది వచ్చింది. అప్పుడు మా టీంలో ఒకతను మహా తెలివిగా ఎక్సెల్ షీటు చేశాడు, పాత కోడు పక్కన కొత్త కోడు. మణికట్టు దగ్గర విరిగే కోలీస్ ఫ్రాక్చర్‌కి పాతది 813.41. దాని పక్కన ఎస్52.531ఏ అని పెట్టాడు. అందరూ అదే లాగించారు. 531 అంటే కుడి చెయ్యిరా! ఎడమదైతే 532. పాత కోడుకి కుడీ ఎడమా తెలియనప్పుడు షీటుకెలా తెలుస్తుంది? చార్టు, అంటే రోగి వైద్యం రికార్డు, తెరిచి చూస్తేనే తెలిసేది. చివరి అక్షరం మరీ ఘోరం. ఏ అంటే మొదటిసారి వచ్చాడని కాదు, అసలు వైద్యం ఇంకా నడుస్తోందని. రెండో డాక్టరు ఆపరేషన్ చేసినా ఏనే. ఎముక మామూలుగా అతుకుతుంటే డీ, ఆలస్యమైతే జీ, అతకకపోతే కే, వంకరగా అతికితే పీ. అతుకుతున్న ఎముకని చూపించుకోడానికొస్తే పూర్వం వీ54 వేసేవాళ్ళం. ఇప్పుడు అదే ఎస్ కోడు ఉంచి అక్షరం మారుస్తారు. ఆ షీటులో అన్నిటికీ ఏ! ఎక్స్‌రే ఎడమ చేతిది, బిల్లు కుడి చేతిది. బిల్లులు కట్టలకొద్దీ వెనక్కొచ్చాయి. షీటు చేసినవాడికి ప్రమోషన్, రాత్రంతా కూర్చుని దిద్దిన ఆడపిల్లలకి తిట్లు. ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మీ తోటలో దింపు తీసే అతను చెట్టు మీంచి పడితే అన్నం మానేసి ఏడ్చావు, గుర్తుందా? అలాంటి కేసుకి ఎముక కోడుతోపాటు ఎలా పడ్డాడో చెప్పే కోడూ ఉంటుంది, డబ్ల్యూ14.ఎక్స్ఎక్స్ఎక్స్ఏ. ఆ ఎక్స్‌లు ఖాళీలు నింపడానికి, ఏ ఏడో స్థానంలోనే పడాలి కాబట్టి. పాత ఈ884.9లో చెట్టు మీంచి పడ్డా గడ్డిమేటు మీంచి పడ్డా ఒకటే.

ఇంకో మాట. చికిత్స జరిగిన తేదీని బట్టే కోడు. 2015 సెప్టెంబరు నాటి చార్టు దొరికితే దానికి కొత్త కోడు తగిలించకు. కొత్త పుస్తకం కూడా ఏటా అక్టోబరులో మారుతుంది. పాత పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, ఫ్రీ అని ఎగబడకు.

నైట్ షిఫ్ట్ అయ్యాక టీ తాగి పడుకోవడం కాదు, వేడన్నం తిను. చిన్నప్పటి నుంచీ నీకు ఆకలేస్తే చెప్పడం రాదు, అదే నా బాధ.

ఇన్‌స్టిట్యూట్ వాళ్ళిచ్చే కోడ్ పుస్తకం అట్టా, మొదటి పేజీ ఫొటో తీసి పంపు. ఏ ఏడాదిదో చూసి చెప్తాను. అప్పటిదాకా రెండో వాయిదా కట్టకు.

మీ పిన్ని