నెల్లూరు, ఒంగోలు ఎండలకు చంటిబిడ్డను ఎత్తుకునే క్యారియర్ ఎలాంటిది కొనాలి?

పలుచని నూలు గుడ్డతో ఒకే పొరగా కుట్టినదో, వీపు వైపు జాలీ ఉన్నదో తీసుకోండి. లోపల స్పాంజి దట్టంగా ఉన్నవి వద్దు.

క్యారియర్‌లో బిడ్డ పొట్ట, రొమ్ము మన ఒంటికి ఆనుకునే ఉంటాయి. మన వేడి బిడ్డకు, బిడ్డ వేడి మనకు. అది బయటికి పోవాలంటే మిగిలేది బిడ్డ వీపు, తల, కాళ్లే. అక్కడ మూడు పొరల గుడ్డ చుడితే ఆ దారీ మూసుకుపోతుంది. పైగా పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకన్నా తొందరగా వేడెక్కుతుంది, చెమట పట్టి చల్లబడటం తక్కువ. మన కోస్తా ఊళ్లలో సముద్రపు తేమకు ఆ పట్టిన చెమటైనా సరిగా ఆరదు.

మే నెలలో కావలి బస్టాండులో అరగంట నిలబడాలనుకోండి. పొడవాటి గుడ్డను ఒంటి చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పే రకం కంటే ఒక భుజం మీదుగా వేసుకుని రింగులతో బిగించే ఒంటిపొర గుడ్డ, అంటే రింగ్ స్లింగ్, చాలా నయం. బిడ్డకు లోపల పలుచని జుబ్బా ఒక్కటి చాలు.

చాలామంది ఎండ తగలకూడదని బిడ్డ తలమీదుగా తువ్వాలు కప్పేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నీడ వస్తుంది నిజమే, గాలి ఆగిపోయి లోపల ఉడుకు పెరుగుతుంది. గొడుగు పట్టండి. ముఖం ఎప్పుడూ కనబడాలి, బిడ్డ గడ్డం తన రొమ్ముకే ఆనకూడదు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. బాగా వేడిగా ఉంటే వెంటనే బయటికి తీసి, నీడలో కూర్చుని పాలివ్వండి.