పెరట్లో మేపుల్ సిరప్ కాయాలని ఉంది, అప్పు చేసి ఎవాపరేటర్ కొనొచ్చా?

ప్రశ్న: రెండేళ్ల క్రితం న్యూ హ్యాంప్‌షైర్‌లో నాషువా దగ్గర ఇల్లు కొన్నాం. పెరట్లో ఎనిమిది పెద్ద షుగర్ మేపుల్ చెట్లున్నాయి. పక్కింటాయన అలాంటి చెట్ల రసాన్ని మరిగించి తియ్యటి సిరప్ కాయడం చూశాక నాకూ మనసైంది. 2,800 డాలర్ల ఎవాపరేటర్ (ఆ రసాన్ని మరిగించే పెద్ద పొయ్యి, పళ్లెం) క్రెడిట్ కార్డు మీద కొని, మా వాడకం పోగా మిగిలిన సిరప్ స్నేహితులకు అమ్మితే డబ్బు వెనక్కి వస్తుందనుకుంటున్నాను. కార్డు మీద 22 శాతం వడ్డీతో ఇప్పటికే 6,000 డాలర్ల బాకీ ఉంది. హెచ్‌1బీ వీసా మీద ఉన్నాను. మా ఆవిడ వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: సిరప్ కాయండి. ఎవాపరేటర్ మాత్రం ఇప్పుడు కొనకండి.

మేపుల్ సాప్‌లో, అంటే చెట్టు నుంచి కారే రసంలో, చక్కెర సుమారు 2 శాతమే. అనకాపల్లి వైపు బెల్లం వండే చెరకు రసంలో అది 15 శాతం దాకా ఉంటుంది. అందుకే ఒక గ్యాలన్ సిరప్‌కి దాదాపు 40 గ్యాలన్ల సాప్ మరిగించాలి. సీజన్ బాగుంటే ఒక్కో ట్యాప్‌కి (రసం కారడానికి చెట్టుకు రంధ్రం చేసి బిగించే చిన్న గొట్టం) పది గ్యాలన్ల సాప్ వస్తుంది. మీ చెట్లకు పది ట్యాప్‌లు పెట్టారనుకుందాం. చేతికొచ్చే సిరప్ రెండున్నర గ్యాలన్లు. గ్యాలన్ 60 డాలర్ల చొప్పున దాని విలువ 150 డాలర్లు. మీరు చేయబోయే అప్పుకు ఏడాది వడ్డీయే 600 దాటుతుంది. అసలు సొమ్ము సంగతి తర్వాత, వడ్డీకే నాలుగేళ్ల సిరప్ కావాలి!

ఇంధనం ఇంకా కలపలేదు. మామూలు ప్రొపేన్ బర్నర్ మీద కాస్తే వేడిలో సగానికి పైగా గాలిలో కలిసిపోతుంది. గ్యాలన్ సిరప్‌కి 20 పౌండ్ల సిలిండర్లు రెండు మూడు అవుతాయి. దుకాణంలో సిరప్ కొన్నా దాదాపు అంతే ఖర్చు. పెద్ద ఉత్పత్తిదారులకు గిట్టుబాటు కావడానికి కారణం, వాళ్లు రివర్స్ ఆస్మోసిస్ యంత్రంతో చాలా నీటిని ముందే తీసేసి, మిగిలినదాన్నే కాస్తారు. ఆ ధరతో మనం పోటీ పడలేం, పడాల్సిన అవసరమూ లేదు.

అమ్మకం ఆలోచన పక్కన పెట్టండి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకో పని చేసి సంపాదించకూడదు. నూట యాభై డాలర్ల కోసం గ్రీన్‌కార్డు దారిలో చిక్కు తెచ్చుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. పైగా హాబీ మీద వచ్చిన ఆదాయాన్ని ఐఆర్‌ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) చూపించాలి, ఖర్చుల్ని మాత్రం 2018 నుంచి ఫెడరల్ పన్నులో తగ్గించుకోలేం. స్నేహితులకు సీసా ఊరికే ఇవ్వండి, ఏ గొడవా ఉండదు.

మీ ఆవిడ వద్దన్నది సిరప్‌నా, అప్పునా? ఒకసారి అడగండి. అప్పునే అయితే ఆవిడ మాటే నా మాట. ముందు ఆ 6,000 తీర్చండి. 22 శాతం వడ్డీ ఆగిపోవడం కంటే ఖాయమైన లాభం ఇంకెక్కడా దొరకదు.

ఈలోగా సరదాని వాయిదా వేయక్కర్లేదు. మొదటి ఏడాదికి 150 డాలర్లు దాటనని రాసిపెట్టుకోండి. నాలుగైదు ట్యాప్‌లు, ఫుడ్ గ్రేడ్ బకెట్లు, వెడల్పాటి స్టీల్ పాన్, మంచి థర్మామీటర్ చాలు. పొయ్యికి సిమెంటు బ్లాకులు, ఎండు కట్టెలు. కాచేది ఆరుబయటే. అంత ఆవిరి వంటింట్లో పట్టిందంటే గోడల పెయింటు లేచిపోయి, ఆ రిపేరు ఖర్చు సిరప్ విలువని మించుతుంది. నీళ్లు మరిగే వేడి కంటే 7 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువకు చేరితే సిరప్ అయినట్టు. చవగ్గా దొరికాయని పాతకాలపు లోహపు బకెట్లు కొనొద్దు, వాటి అతుకుల్లో సీసం ఉండొచ్చు. పిల్లలు తినేది.

రెండు మూడు సీజన్లు గడిచాక, బాకీ తీరాక కూడా ఇదే ఉత్సాహం ఉంటే నెలకు 75 డాలర్లు విడిగా దాచుకుని నగదుతో కొనండి. అప్పుడు నేనే కొనమంటాను.

ఇప్పుడు చేయాల్సింది ఖర్చు లేని పని. ఆకులు రాలకముందే, మొదలు పది అంగుళాలకు పైగా వ్యాసం ఉన్న మేపుల్ చెట్లకు రిబ్బన్లు కట్టేయండి. ట్యాప్ వేసే ఫిబ్రవరిలో కొమ్మలు బోడిగా ఉంటాయి, కొత్తవాళ్లకు ఏది మేపుల్ చెట్టో ఏది ఓక్ చెట్టో తెలియదు.