హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్నది నిజంగా అడవేనా, వట్టి ముళ్ళకంపేనా?

మీ అమ్మాయికి అక్కడ ఎమ్మేలో సీటు వచ్చిందని, క్యాంపస్‌లో అడవి ఉందని అందరూ చెబితే వెళ్ళి చూశారని, మీకు మాత్రం ముళ్ళకంపే కనిపించిందని రాశారు. అది అడవేనా, పిల్లలు అందులో తిరిగితే ప్రమాదం లేదా అన్నది మీ ప్రశ్న. నేను అక్కడ రెండేళ్ళు చదువుకున్నాను. పరీక్షల రోజుల్లో తప్ప, తెల్లవారుజామున ఆ బాటల్లో నడవని వారం లేదు. అది అడవేనండీ. మీరు ఏ నెలలో వెళ్ళారో రాయలేదు గానీ, ఏప్రిల్‌లో వెళ్ళి ఉంటే మీకు కంప తప్ప మరేమీ కనిపించకపోవడంలో వింత లేదు.

మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె. అడవి అంటే ఆకాశం కనబడకుండా కమ్ముకున్న మానులే అనుకునేవాణ్ణి. మొదటి వారం నాకూ మీలాగే నిరాశ కలిగింది. నడుము ఎత్తు పొదలు, బండరాళ్ళు, అక్కడక్కడ వేప, తుమ్మ, సీతాఫలం. మా హాస్టల్లో వృక్షశాస్త్రం చదివే అన్న ఒకరు ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి బండ మీద కూర్చోబెట్టారు. ‘పైకి చూడకు తమ్ముడూ, కిందికి చూడు’ అన్నారు.

వారం రోజులుగా వానలు పడుతున్నాయి. బండ నడుమ జానెడు లోతు దొనలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. అడుగున ఇసుకను రాసుకుంటూ తోకకప్పలు తిరుగుతున్నాయి. పక్కనే పగుల్లో పిడికెడు మట్టి, ఆ మట్టిని పట్టుకుని గడ్డి. అరగంట గడిచాక ఆ గడ్డిలో ఒక రాయి కదిలింది. చూస్తే నక్షత్ర తాబేలు! నల్లటి డిప్ప మీద ఒక్కో గుబ్బ నుంచి పసుపు గీతలు కిరణాల్లా విచ్చుకుని ఉన్నాయి. గడ్డి పరకల నీడలో ఆ గీతలు పూర్తిగా కలిసిపోయాయి. మూడు అడుగుల దూరంలో ఉన్నా, కదిలేదాకా నాకు తెలియలేదు. అది మెడ చాచి ఒక పచ్చటి పరకను తుంచుకుంది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూశాం.

ఆ ప్రాంతానికి కంచ గచ్చిబౌలి అని ఎందుకు పేరు వచ్చిందో గమనించండి. పశువుల మేతకు వదిలిన భూమిని తెలంగాణలో కంచ అంటారు. అక్కడి నేల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. పైన మట్టి పలచన. అలాంటి నేల మీద మహావృక్షాలు నిలవవు, నిలవనవసరం కూడా లేదు. చిన్న ఆకులు, ముళ్ళు, వేసవిలో ఆకు రాల్చి వానకు మళ్ళీ చిగురించడం, ఇవే దక్కను పొద అడవి బతికే తీరు. ఆ ముళ్ళపొద కిందే కౌజుపిట్ట నేల మీద గుడ్లు పెడుతుంది. కుందేలు పగలంతా అక్కడే దాక్కుంటుంది. మనం పనికిరాని కంప అనుకుని కొట్టేసేది వాటి ఇల్లు. చెట్టు బెరడు రంగులో కలిసిపోయే ఒక జాతి సాలీడును ఈ క్యాంపస్‌లోనే గుర్తించి, ఈ నగరం పేరు కలిసేలా మురీషియా హైదరాబాదెన్సిస్ అని పేరు పెట్టారు.

2025 ఉగాది రోజున ఐటీ పార్కు కోసమని ప్రభుత్వం బుల్డోజర్లు దింపిన 400 ఎకరాలు కూడా ఈ కంచలోవే. ఆ భూమి ప్రభుత్వానిదా, యూనివర్సిటీదా అన్న వివాదంలోకి నేను వెళ్ళను. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించే సరికే సుమారు 100 ఎకరాలు చదునయ్యాయి. పత్రికలో ఆ ఎర్రమట్టి ఫోటో చూసినప్పుడు నా కళ్ళు చెట్ల కోసం కాదు, బండల కోసం వెతికాయి. కంప నాలుగు వానలకు మళ్ళీ మొలుస్తుంది. దొనలున్న బండను పగలగొడితే దాన్ని ఎవరు తెచ్చిపెడతారు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక మీ భయం గురించి. పాములు ఉంటాయి, అందులో దాపరికం ఏమీ లేదు. పొదల్లోకి దిగకుండా బాట మీదే నడిస్తే, చీకటి పడ్డాక టార్చిలైటు, కాలికి బూట్లు ఉంటే, చాలావరకు భయపడనవసరం లేదు. ఒంటరిగా వెళ్ళవద్దని, ఎటు వెళ్తున్నదీ గదిలో చెప్పి వెళ్ళమని మీ అమ్మాయికి చెప్పండి. చుక్కల దుప్పులు కనబడితే దగ్గరికి పోకూడదు. తినుబండారాలు అసలే తీసుకువెళ్ళకూడదు. వాటి వాసనకు కుక్కలు వెంట వస్తాయి, వచ్చిన కుక్కలు దుప్పుల వెంట పడతాయి.

చూడదగినవి అడిగారు కదా. మష్రూమ్ రాక్ అనే పుట్టగొడుగు ఆకారపు రాతి గురించి అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. చెరువు గట్టు మీద పొద్దున్నే తీతువులు మనల్ని చూసి గోల చేస్తాయి. ఫాల్గుణంలో మోదుగ పూస్తుంది, ఎండలు ముదిరాక రేల పూస్తుంది. నెమళ్ళ కేక హాస్టల్ గదిలోకే వినిపిస్తుంది. నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైనది ఆరుద్ర కార్తె. తొలకరి పడిన మర్నాడు పొద్దున్న, ఎండ ఎక్కకముందే వెళ్ళాలి. తడిసిన ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు, కుంకుమ రంగు ముఖమల్ గుడ్డను చిన్న ముక్కలుగా కత్తిరించి చల్లినట్టు, మెల్లగా పాకుతూ ఉంటాయి. మా ఊళ్ళో చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్ళం. అక్కడ వాటిని మోకాళ్ళ మీద కూర్చుని చూసి, అలాగే వదిలేసి వచ్చేవాణ్ణి. సెలవులు ముగియకముందే మీ అమ్మాయి హాస్టల్‌కు చేరగలిగితే, ఆ పొద్దున్నను వదులుకోవద్దని చెప్పండి.