నిమ్మ మొక్క కింద నల్ల కవరు

తోటపని చేసేవాళ్లకి క్రైస్తవ విశ్వాసం, ప్రేమ బాగా అర్థమవుతాయంటారు, ఇది నిజంగా అనుభవమా లేక ప్రసంగాల్లో వాడుకోవడానికి అనువైన పోలికా అని అడిగారు. అనుభవమే అంటాను. కాకపోతే పువ్వు విచ్చుకోగానే కళ్లు చెమర్చి స్తుతి పాటలు పాడే రకం మనిషిని కాను నేను. నాకు తోట ఎక్కువగా నేర్పింది సిగ్గుపడటం.

మా పెరట్లో ఒక నిమ్మ మొక్క ఉంది. అంటు మొక్క, అంటే విత్తనం నుంచి వచ్చినదానికంటే ముందే కాపుకు రావాలి. నాలుగేళ్లు గడిచినా ఒక్క పువ్వు లేదు. నడుమెత్తు పెరిగి ఆగిపోయింది, ఆకులు ఎప్పుడు చూసినా పసుపే, ఎండ కాస్త ముదిరితే చాలు పక్కనున్న మొక్కలన్నీ బాగానే ఉన్నా ఇదొక్కటే తల వేలాడేసేది. నేను వెయ్యని ఎరువు లేదు. మొక్క అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను, మట్టిని తిట్టుకున్నాను, దాని కోసం ప్రార్థన కూడా చేశాను, నవ్వకండి.

ఒక ఆదివారం సండేస్కూల్లో పిల్లలకి లూకా సువార్త 13వ అధ్యాయంలో యేసు చెప్పిన అంజూరపు చెట్టు ఉపమానం చెప్పాను. యజమాని మూడేళ్లుగా వచ్చి చూస్తున్నా కాయ కనపడదు, నరికెయ్యమంటాడు. తోటమాలేమో ఈ ఒక్క ఏడాదీ ఉండనివ్వండయ్యా, చుట్టూ తవ్వి ఎరువేస్తాను అంటాడు. బొమ్మ గీసి మరీ చెప్పాను. చెప్పి, ఇంటికొచ్చి, బట్టలు మార్చుకుని, గునపం పట్టుకుని నిమ్మ మొక్కను పీకెయ్యడానికి వెళ్లాను. ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు.

మా ఆవిడ కిటికీలోంచి చూసి, "పీకితే పీకారు గానీ వేర్లు తెగకుండా తియ్యండి, ఎవరికైనా ఇద్దాం" అంది. ఆమె మనసులో ఉపమానమూ లేదు ఏమీ లేదు, మొక్క వృథా కాకూడదు, అంతే. సరేనని కాండానికి జానెడు దూరంలో గుండ్రంగా తవ్వడం మొదలుపెట్టాను. నాలుగు పోట్లు పడ్డాక గునపం దేనికో మెత్తగా తగిలి జారింది. చేత్తో మట్టి తీస్తే నల్లగా ఏదో కనిపించింది, లాగితే రాలేదు. ఇంకాస్త తీశాక తెలిసింది, అది మొక్కతో పాటు వచ్చిన పాలిథిన్ కవరు. నాటేటప్పుడు అడుగున చిన్న కోత పెట్టి, కవరుతో సహా గోతిలో దింపేశానన్నమాట. పాపం ఆ వేర్లు నాలుగేళ్లుగా దాని లోపలే తిరిగి తిరిగి, ఒకదాన్నొకటి చుట్టుకుని, పేనిన తాడులా బిగుసుకుపోయాయి. అడుగు కోతలోంచి పెన్సిల్ మందాన ఒకే ఒక్క వేరు బయటికి వెళ్లింది. చెట్టు మొత్తం దాని మీదే బతుకుతోంది.

మా ఆవిడ బయటికొచ్చి చూసి, "ఎవరండీ దీన్ని నాటింది?" అంది. ఎవరో ఆమెకు తెలుసు.

ఆ ఉపమానం నేను కనీసం పదిసార్లు విని ఉంటాను, నాలుగైదుసార్లు చెప్పి ఉంటాను. ప్రతిసారీ అందరం పట్టుకునేది ఆ 'ఒక్క ఏడాది' గడువునే, ఇదే ఆఖరి అవకాశం, ఫలించకపోతే గొడ్డలే అని భయపెట్టడానికి. తోటమాలి ముందు తవ్వుతానన్నాడు, ఎరువు ఆ తర్వాత. నేనేమో నాలుగేళ్లు పైనుంచి ఎరువు పోస్తూనే ఉన్నాను, ఒక్కసారైనా తవ్వి చూడలేదు. పైగా ఆ తొందరేమిటో. లేవీయకాండం 19వ అధ్యాయం ప్రకారం నాటిన చెట్టు పండ్లు మొదటి మూడేళ్లు ముట్టకూడదు, నాలుగో ఏటివి దేవునికి, తినడం ఐదో ఏడు నుంచి. నాకు నాలుగో ఏడాదే ఓపిక అయిపోయింది.

ఇక్కడ మీ ప్రశ్న దాటి కొంచెం పక్కకి వెళ్తున్నాను, తప్పదు. మా సంఘంలో ఒక కుర్రాడు కీబోర్డు వాయించేవాడు. మెల్లగా రావడం తగ్గించి, తర్వాత పూర్తిగా మానేశాడు. కమిటీ మీటింగులో ఫలం లేని సభ్యత్వం ఎందుకు, పేరు తీసేద్దాం అన్నారు. అప్పటికి మేం చేసిందల్లా "నీ కోసం ప్రార్థిస్తున్నాం" అని రెండు మూడు మెసేజ్‌లు పెట్టడం. నేనూ చెయ్యెత్తాను. కవరు బయటపడిన రోజు రాత్రి ఆ అబ్బాయే గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. తర్వాతి వారం వెళ్లి కలిశాను. రెండు గంటలు కూర్చుంటే అందులో గంటన్నర ఏవో ఆటల గురించే మాట్లాడాడు. మిగతా అరగంట ఏం చెప్పాడో ఇక్కడ రాయను, అందులో మా వల్ల జరిగింది చాలా ఉంది, నా వల్ల జరిగింది కూడా. ఇప్పటికీ ఆరాధనకు రావడం లేదు. నేను రమ్మని అడగనూ లేదు.

"నేను నాటాను, అపొల్లో నీళ్లు పోశాడు, పెంచింది దేవుడు" అని పౌలు కొరింథు సంఘంవాళ్లకి రాసిన మాట ఉంది కదా (అపొల్లో ఆయన తర్వాత అక్కడ బోధించినవాడు), అది మనవాళ్ల సోమరితనానికి లైసెన్సు అయిపోయింది. పెంచేది దేవుడే, ఒప్పుకుంటాను. కానీ నాటేవాడు కవరు తీసి నాటాలి కదండీ.

ఇంకో రకం వాళ్లున్నారు. ఎవరింట్లోనైనా చావో, ఉద్యోగం పోవడమో జరిగితే వెళ్లి "దేవుడు నిన్ను కత్తిరిస్తున్నాడు, ఎక్కువ ఫలించడానికే" అంటారు. వీళ్లు ఎప్పుడైనా కత్తెర పట్టారా అని నా అనుమానం. అది యోహాను సువార్త 15వ అధ్యాయంలో యేసు చెప్పిన ద్రాక్షావల్లి మాట, ఫలించని తీగను తండ్రి తీసిపారేస్తాడు, ఫలించేదాన్ని ఇంకా ఫలించాలని కత్తిరిస్తాడు అని. ఫలించే తీగ గురించి అక్కడ వాడిన గ్రీకు మాటకూ, వెంటనే శిష్యులతో మీరు పవిత్రులై ఉన్నారు అన్న మాటకూ మూలం ఒకటే, శుభ్రం చేయడం. ఇక ఫలించని తీగ గురించి వాడిన క్రియకి తీసిపారెయ్యడంతో పాటు పైకెత్తడం అనే అర్థం కూడా ఉంది. ఇక్కడ ఏది సరిపోతుందో పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. నా ఓటు పైకెత్తడానికే. నేల మీద పడ్డ తీగకి మట్టి అంటుకుని, తడికి బూజు పట్టి పాడవుతుంది, తోటమాలి అన్నవాడు ముందు దాన్ని ఎత్తి పందిరికి కడతాడు, కత్తెర సంగతి తర్వాత. ఆధారమేమిటంటారా, మా ఇంటి పందిరే.

అడవి పువ్వుల్ని చూడండి, సొలొమోను రాజు కూడా అంత బాగా అలంకరించుకోలేదు అన్న యేసు మాట విని వచ్చి మందిరంలో దుమ్ము పట్టిన ప్లాస్టిక్ పూలు పెట్టేవాళ్ల గురించి కూడా రాయాలనుంది గానీ, అది మొదలుపెడితే ఆగను.

నిమ్మ మొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఎవరికీ ఇవ్వలేదు. కవరును బ్లేడుతో కోసి తీసేశాను, చుట్టుకుపోయిన వేర్లని వేళ్లతో విడదీశాను, మరీ గట్టిపడ్డవాటిని రెండు మూడు చోట్ల కోశాను. గొయ్యి వెడల్పు చేసి అక్కడే మళ్లీ నాటి, కొన్నాళ్లు పాత దుప్పటితో నీడ కట్టాను. పది రోజుల్లో ఆకులన్నీ రాలిపోయి పుల్లలు మిగిలాయి. చంపేశాననే అనుకున్నాను. మూడో వారంలో కాండం మీద ఆవగింజంత పచ్చని చుక్కలు కనిపించాయి. ఇది జరిగి ఏడు నెలలు, పూత ఇంకా లేదు. ఆ అంజూరపు చెట్టు మరుసటి ఏడు కాసిందో లేదో లూకా కూడా రాయలేదు, పిల్లలు అడిగితే నేను ఏదో చెప్పి తప్పించుకునేవాణ్ణి.

ఈ ఉదయం కొత్త చిగుళ్ల మీద పక్షి రెట్టలాంటివి మూడు కనిపించాయి. వేలితో తాకితే ఒకటి తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు చాచి ఘాటు వాసన వదిలింది. నిమ్మ జాతి చెట్లని తినే సీతాకోకచిలుక పురుగులు అవి. నలిపెయ్యబోయి ఆగాను, ఒక కొమ్మ వాటికే వదిలేశాను. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.