ఇన్‌పుట్ బోర్డుకి ఐసీలు అక్కర్లేదు, ఒక రోటరీ స్విచ్ చాలు

ఇంట్లో కట్టుకున్న యాంప్లిఫైయర్‌కి ఫోను, టీవీ, బ్లూటూత్ మూడూ తగిలించుకునేలా ఇన్‌పుట్ బోర్డు ఎలా చేయాలి, బాస్-ట్రెబుల్ ఉన్న రెడీమేడ్ బోర్డు కొనేస్తే పోదా అని అడిగారు. కొనకండి. నా లెక్కలో సగం సెట్లు చెడేది ఆ బోర్డుల వల్లే. బాస్ నాబ్ చివరిదాకా తిప్పి, కిటికీ అద్దాలు అదిరితేనే సౌండ్ బాగుందనే అలవాటు పడిపోయింది మనకి.

మీకు కావలసింది మూడు జతల ఆర్‌సీఏ సాకెట్లు (ఎరుపు-తెలుపు ఆడియో పిన్నులు దూర్చేవి), ఒక 4 పోల్ 3 వే రోటరీ స్విచ్ (తిప్పితే మూడింట్లో ఒకదాన్ని ఎంచుకునేది), ఒక 50కె (50 కిలో ఓముల) స్టీరియో వాల్యూమ్ కంట్రోల్, రెండు కండెన్సర్లు, మీటరు షీల్డ్ వైరు (లోపలి తీగ చుట్టూ గ్రౌండ్ అల్లిక ఉండేది). హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అన్నీ దొరుకుతాయి. అసలు సంగతి సామాన్లలో లేదు, గ్రౌండ్ వైరు ఎటు లాగారన్న దాంట్లో ఉంది.

మా చిన్న బావ ఊళ్లో మెకానిక్‌తో 4440 అనే యాంప్లిఫైయర్ ఐసీతో సెట్ ఒకటి కట్టించుకున్నాడు. డబ్బా మీద 2000 వాట్స్ అని స్టిక్కరు! ఆ ఐసీ స్టీరియోలో ఇచ్చేది 6 ప్లస్ 6 వాట్లు, బ్రిడ్జ్ చేస్తే 19. సరే, స్టిక్కరుతో పేచీ ఎందుకు. ఆన్ చేస్తే చాలు, గుయ్యిమని ఒకటే హమ్మింగ్. మెకానిక్ ఫిల్టర్ కండెన్సర్ పెద్దది వేశాడు, ఐసీ మార్చాడు, చివరికి మీ ఇంటి కరెంటే బాగోలేదన్నాడు. నేను వెళ్లి వాల్యూమ్ నాబ్ ఊడదీసి ఇనప కాడ మీద వేలు పెట్టాను. గోల రెట్టింపయింది. వేలు తీస్తే తగ్గింది. చెక్క డబ్బా కదా, కంట్రోల్ ఒంటికి గ్రౌండే లేదు. బ్లేడుతో దాని వీపు మీద పూత గీకి, టంకం పట్టేదాకా వేడిచేసి, ఒక తీగ అతికించాను. సగం పోయింది. మిగతా సగం ఎక్కడిదంటే, సాకెట్ల గ్రౌండ్ షీల్డ్ ద్వారా ఒకసారి, విడిగా నల్ల వైరుతో పవర్ సప్లైకి ఇంకోసారి వెళ్తోంది. రెండు దారులు కలిసి చుట్టు అయిపోయింది, ఆ చుట్టు పక్కనే ట్రాన్స్‌ఫార్మర్, దాని హమ్ అందులోకి దూరుతోంది. నల్ల వైరు కత్తిరించాను. బావ స్పీకర్ దగ్గర చెవి పెట్టి, "పాడైపోయిందేంట్రా, ఏమీ వినపడట్లేదు" అన్నాడు.

కాబట్టి సాకెట్ల గ్రౌండ్లన్నీ ఒకచోట కలపండి, అక్కడినుంచి యాంప్లిఫైయర్ బోర్డుకి షీల్డ్ ఒక్కటే పోవాలి. ఇన్‌పుట్ వైర్లు ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

కండెన్సర్ దగ్గర కూడా మనవాళ్లు చేతికందిన 104 వేసేస్తారు. అది 0.1 మైక్రోఫారడ్. 10కె కంట్రోల్‌కి ముందు దాన్ని పెడితే సుమారు 160 హెర్ట్జ్ కింద శబ్దం జారిపోతుంది. ఆ పోయిన బాస్‌ని వెనక్కి తేవడానికి మళ్లీ బాస్ బోర్డు కొంటారు! 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కండెన్సర్, 50కె కంట్రోల్ వేస్తే 3 హెర్ట్జ్ దాకా సాఫీగా పోతుంది. కంట్రోల్ మీద ఎ50కె అని ఉండాలి, అంటే లాగ్, తిప్పేకొద్దీ చెవికి సమంగా పెరిగినట్టు వినిపించే రకం. షాపులో అడక్కపోతే బి రకం (లీనియర్) చేతిలో పెడతారు. అది కొంచెం తిప్పగానే ఇల్లు ఎగిరిపోతుంది, తర్వాత ఎంత తిప్పినా తేడా తెలియదు.

బ్లూటూత్ మాడ్యూల్‌కి యాంప్లిఫైయర్ సప్లైలోంచే 7805 రెగ్యులేటర్ ఐసీ వేసి 5 వోల్ట్ ఇస్తే పాట మధ్యలో కీచుమని సన్నని గోల వస్తుంది. 7805 దాన్ని ఆపలేదు, ఎందుకంటే ఆ గోల వచ్చేది గ్రౌండ్ దారిన. బి0505ఎస్ అని చిన్న ఐసొలేటెడ్ మాడ్యూల్ (రెండువైపుల గ్రౌండ్లని విడదీసేది) దొరుకుతుంది, మధ్యలో అది పెట్టండి. లేదా పాత మొబైల్ ఛార్జర్ ఒకటి దానికే కేటాయించండి.

మీ టీవీకి ఆప్టికల్ అవుట్‌పుట్ (సౌండ్‌ని వెలుగుగా పంపేది) మాత్రమే ఉంటే వేరే కన్వర్టర్ బాక్స్ కావాలి. దాన్ని మాత్రం డబ్బా లోపల ఇరికించకండి, టీవీ వెనకే ఉంచి ఆర్‌సీఏ వైరుతో తెచ్చుకోండి.